ఇంగ్లిష్ పోయెమ్‌కి కూడా అన్వయం చెప్పించండి

ప్రశ్న: నేను ఇంటి దగ్గర ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఆరుగురికి ఇంగ్లిష్ చెబుతున్నాను. నా చదువంతా తెలుగులోనే సాగింది. ఇంగ్లిష్ తర్వాత సొంతంగా నేర్చుకున్నాను. గ్రామర్ రూల్స్ అడిగితే పిల్లలు గడగడా అప్పజెబుతారు. రాయమంటే మాత్రం ‘హి సెడ్ దట్ ఐ విల్ కమ్’ అనే రాస్తారు. పోయెమ్ వస్తే ఇంకా టెన్షన్. నేను తాత్పర్యం చెబితే రాసుకుని బట్టీ పడతారు, ప్రశ్న కాస్త మార్చి అడిగితే తెల్లమొహం వేస్తారు. ‘కవి ఏమంటున్నాడో మీరే చెప్పండి మేడమ్’ అంటారు. ఒక్కోసారి సరైన అర్థం ఏదో నాకే తేలదు. గ్రామర్‌కి ఎక్కువ టైమ్ ఇవ్వాలా, పోయెట్రీకా? అసలు ఈ రెండూ చెప్పే అర్హత నాకుందా?
– ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ముందు మీ ఆఖరి అనుమానం తీర్చేస్తాను. అర్హత ఉంది. తెలుగులో చదువుకుని తర్వాత కష్టపడి ఇంగ్లిష్ పట్టుకున్న మనిషికి, పిల్లలు ఎక్కడ తడబడతారో తెలుసు, ఎందుకు తడబడతారో కూడా తెలుసు. ఆ రెండో సంగతి ఇంగ్లిష్‌లోనే పుట్టి పెరిగినవాళ్లకు చప్పున తట్టదు. నేను చాలా ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను. క్లాసులో నాకు అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చింది నా తెలుగే.

ఇక దేనికెంత టైమ్ అన్న ప్రశ్న. గ్రామర్ ఒక క్లాసు, పోయెమ్ ఇంకో క్లాసు అని విడగొట్టడంలోనే చిక్కు ఉందని నా నమ్మకం. గ్రామర్‌ని పోయెమ్‌లో వాడి చూపిస్తే తప్ప అది ఎందుకో పిల్లలకు తెలియదు. గ్రామర్ లేకుండా పోయెమ్ చెబితే అది మనం చెప్పిన కథ అవుతుంది కానీ వాళ్లు చదివిన పోయెమ్ అవదు. ఈ మాట ఒట్టిగా చెబితే సరిపోదు, చూపిస్తాను.

మీరు రాసిన తప్పునే తీసుకుందాం. ‘హి సెడ్ దట్ ఐ విల్ కమ్.’ ఇది అజాగ్రత్త కాదు. ఆ పిల్లవాడి మనసులో ఉన్న తెలుగు వాక్యం ఇది: ‘వాడు రేపు వస్తానన్నాడు.’ ఆ ‘వస్తాను’ని చూడండి. వచ్చేది వాడు, క్రియ మాత్రం ‘నేను’ది. మనకు ‘అని’ ఉంది కాబట్టి అవతలివాడి మాటను వాడు అన్నది అన్నట్టే తెచ్చి వాక్యంలో పెట్టేస్తాం. అలా కాకుండా ‘వాడు వస్తాడన్నాడు’ అంటే, వచ్చేది ఇంకెవరో అని వినేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఎంత చక్కటి ఏర్పాటో! ఇంగ్లిష్‌కి ఆ సౌకర్యం లేదు. కోట్స్ తీసేశామంటే మాటనంతా ఇప్పుడు చెబుతున్నవాళ్ల వైపు నుంచి తిరగరాయాలి. ‘ఐ’ పోయి ‘హి’ వస్తుంది, ‘విల్’ పోయి ‘వుడ్’ వస్తుంది. పిల్లవాడు కాపీ కొట్టింది తెలుగు నుంచే, అదీ శుద్ధంగా. ఈ మాట వాడికి చెప్పండి. ‘నీకు రాదు’ అనడానికీ, ‘నీ తెలుగు ఇలా పనిచేస్తుంది, ఇంగ్లిష్ ఇలా పనిచేస్తుంది’ అనడానికీ చాలా తేడా ఉంది. రెండోది విన్న పిల్లవాడు తలెత్తి చూస్తాడు.

పాసివ్ వాయిస్ కూడా ఇలాంటిదే. ‘తలుపు తీయబడింది’ అని తెలుగు చెప్పి పాసివ్ నేర్పుతాం. ఇంట్లో అలా మాట్లాడేవాళ్లు ఎవరున్నారు? పిల్లలకు అదే పరాయి భాషలా ఉంటుంది, ఇక దాని ద్వారా ఇంకో పరాయి భాష ఎలా అందుతుంది? మనం నిజంగా అనే మాట ‘నా పర్సు కొట్టేశారు.’ ఎవరు కొట్టేశారు? తెలియదు. తెలియకపోయినా ‘వాళ్లు’కి తగిన క్రియ పెట్టేసి ఊరుకుంటాం. సరిగ్గా అక్కడే ఇంగ్లిష్‌వాళ్లు పాసివ్ వాడతారు: ‘మై పర్స్ వాజ్ స్టోలెన్.’ చేసిందెవరో తెలియనప్పుడు, తెలిసినా చెప్పనవసరం లేనప్పుడు, చెప్పడం ఇష్టం లేనప్పుడు. ఈ మూడు సందర్భాలూ ఇచ్చి పిల్లల చేతే వాక్యాలు తయారు చేయించండి. యాక్టివ్‌ని పాసివ్‌లోకి మార్చే ఎక్సర్‌సైజ్ యాభై సార్లు చేయించినా రానిది, ఈ పర్సు వాక్యం ఒక్కదానితో వస్తుంది.

ఆర్టికల్స్‌కి రూల్స్ లిస్టు పక్కన పెట్టి కథ చెప్పండి. ‘అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు.’ మొదటిసారి ‘ఒక’ రాజు, రెండోసారికి ‘ఆ’ రాజు. వినేవాళ్లకు ఇంకా పరిచయం లేనప్పుడు ‘ఎ’, పరిచయమయ్యాక ‘ది’. తెలుగులో ఈ రెండూ చాలాచోట్ల వదిలేసినా నడుస్తుంది, ఇంగ్లిష్‌లో నడవదు. ఆర్టికల్స్ సంగతి ఇంతటితో తేలిపోదు. నదుల పేర్లూ, పర్వతాల పేర్లూ విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. కానీ పిల్లల రాతలో వచ్చే తప్పుల్లో పెద్ద భాగం ఈ ఒక్క కథతో సర్దుకోవడం నేను చూశాను.

‘షి గో’ అని రాసే పిల్లలకైతే ఒకటే అడగండి. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తారు, వస్తాం అని మనిషిని బట్టి ఇన్ని రకాలుగా మార్చగలిగిన మీకు ఒక్క ‘ఎస్’ పెట్టడం కష్టమా అని.

దిద్దే విషయంలో ఒక మాట. నోట్‌బుక్ అంతా ఎర్ర ఇంకు చేయకండి. ఈ వారం రిపోర్టెడ్ స్పీచ్ (పైన చూసిన ‘హి సెడ్ దట్’ లాంటి వాక్యాలు) అనుకుంటే ఆ తప్పులకే గీత పెట్టండి, సరైనది రాసి ఇవ్వకుండా గీత మాత్రమే. మిగతావి చూసీ చూడనట్టు వదిలేయండి. వాటి వంతు వచ్చే వారం వస్తుంది. ఇరవై తప్పులు ఒకేసారి చూసిన పిల్లవాడు ఏ ఒక్కదాన్నీ పట్టించుకోడు, పుస్తకం మూసేస్తాడు.

ఇప్పుడు పోయెమ్. మనకు తెలుగు పాఠంలో పద్యం ఎలా చెప్పేవారో ఒకసారి గుర్తుచేసుకోండి. ముందు రాగం తీసి చదివేవారు. తర్వాత పదాలు విడగొట్టేవారు. ఆపైన అన్వయం. క్రియ ఎక్కడుంది, దానికి కర్త ఎవరు, కర్మ ఏది, ఫలానా విశేషణం ఎవరికి చెందింది అని వెతికి, పద్యంలో చెల్లాచెదురుగా ఉన్న మాటలను వచనం వరసలోకి తెచ్చేవారు. ప్రతిపదార్థం కూడా అయ్యాకే తాత్పర్యం. కర్త మొదటి పాదంలో ఉండి క్రియ నాలుగో పాదంలో ఉన్నా మనకు బెదురు ఉండేది కాదు, వెతకడం తెలుసు కాబట్టి. అదే మనం ఇంగ్లిష్ పోయెమ్ దగ్గరికి వచ్చేసరికి ఈ మెట్లన్నీ వదిలేసి నేరుగా తాత్పర్యం మీదికి దూకుతున్నాం. మీ పిల్లల తెల్లమొహానికి కారణం ఇదే. మెట్లు ఎక్కించకుండా వాళ్లను మేడ మీద దింపితే, కిందికి ఎలా వెళ్లాలో వాళ్లకు తెలియదు.

అమెరికన్ కవి రాబర్ట్ ఫ్రాస్ట్ రాసిన ‘ది రోడ్ నాట్ టేకెన్’ తీసుకుందాం. 1915లో అచ్చయిన పోయెమ్, స్కూలు పుస్తకాల్లో తరచుగా కనిపిస్తుంది, మీ దగ్గరా ఉండే ఉంటుంది. అడవిలో దారి రెండుగా చీలింది, ఒకడు కాసేపు నిలబడి చూసి అందులో ఒకటి ఎంచుకున్నాడు. పైకి కథ ఇంతే. గైడ్లలో దీని తాత్పర్యం ఇలా ఉంటుంది: పదిమందీ వెళ్లే దారిలో వెళ్లకు, కొత్త దారి పట్టు, విజయం సాధిస్తావు. పిల్లలు ఇదే రాస్తారు. వాళ్లకు ఏమీ చెప్పకుండా, పెన్సిల్ ఇచ్చి అన్వయం చేయమనండి.

మొత్తం ఇరవై లైన్లు, ఐదేసి చొప్పున నాలుగు స్టాంజాలు. మొదట ‘ఫుల్‌స్టాప్ ఎక్కడుందో వెతకండి’ అనండి. పన్నెండో లైను చివర దాకా దొరకదు. అంటే మొదటి పన్నెండు లైన్లూ కలిపి ఒకే వాక్యం! లైను అయిపోగానే మాట అయిపోయిందనుకునే పిల్లలకు ఇది పెద్ద ఆశ్చర్యం. ఆగాల్సింది లైను చివర కాదు, కామా దగ్గర, సెమీకోలన్ దగ్గర, ఫుల్‌స్టాప్ దగ్గర. అలా ఆగుతూ వాళ్ల చేత పైకి చదివించండి. సగం అర్థం చదవడంలోనే తేలుతుంది.

తర్వాత రెండో స్టాంజా మొదటి మాటలు: ‘దెన్ టుక్ ది అదర్.’ ‘టుక్’ కింద గీత పెట్టి, తీసుకున్నది ఎవరు అని అడగండి. ఆ లైనులో కర్త లేడు. పై లైనులో లేడు. దాని పై లైనులో ఒక ‘ఐ’ కనిపిస్తుంది కానీ అది ‘కుడ్’కి కర్త, ‘టుక్’కి కాదు. ఇంకా పైకి వెళ్లి మొదటి స్టాంజా మూడో లైనులో చూస్తే దొరుకుతాడు: ‘లాంగ్ ఐ స్టుడ్.’ ఆ ‘ఐ’యే నిలబడ్డాడు, చూశాడు, తీసుకున్నాడు. ‘ఐ స్టుడ్ లాంగ్’ అని ఉండాల్సింది అటూ ఇటూ అయిందని కూడా అక్కడే చెప్పవచ్చు. పిల్లలు వేలితో లైన్లు వెనక్కి తడుముకుంటూ వెళ్లి ఆ ‘ఐ’ని పట్టుకున్నప్పుడు వాళ్ల మొహాలు చూడాలి. సబ్జెక్ట్, వర్బ్ అని ఏళ్ల తరబడి మనం చెబుతున్న మాటలకు పని దొరికిన క్షణం అది.

అదే స్టాంజాలో ‘వాంటెడ్ వేర్’ అని వస్తుంది. పిల్లలు ‘వాంటెడ్’ అంటే ‘కావాలనుకుంది’ అంటారు. ఇక్కడ ఆ మాటకు పాత అర్థం, ‘లేకపోయింది’ అని. ‘వేర్’ అంటే అరుగుదల. నడిచేవాళ్లు లేక ఆ దారి గడ్డితో ఉంది, అరగలేదు అని. ఇలాంటి మాట వచ్చినప్పుడు తెలిసిన మాటే కదా అని ముందుకు పోకుండా డిక్షనరీ తీయించండి. తెలియని మాటల కన్నా తెలిసినట్టు కనిపించే మాటలే ఎక్కువ మోసం చేస్తాయి.

అసలు సంగతి ఆ వెంటనే ఉంది. అరగలేదు అన్న కవి మరుక్షణం ‘దో’ అని మాట మార్చుకుంటాడు. ‘అయినా, ఆ మాటకొస్తే’ అన్నట్టు. నడక వల్ల రెండూ నిజానికి దాదాపు ఒకేలా అరిగాయంటాడు. పైగా ఆ పొద్దున రెండు దారులూ ‘ఈక్వలీ’, సమానంగా, ఎవరి అడుగూ నల్లగా నలపని ఆకులతో పరుచుకుని ఉన్నాయట. మరి గైడ్‌లో చెప్పిన ‘పదిమందీ వెళ్లని దారి’ ఎక్కడ? ఇక్కడ లేదు. పిల్లల్ని వెతకనివ్వండి.

అది చివరి స్టాంజాలో ఉంది. అక్కడ టెన్స్ చూడమనండి. అప్పటిదాకా అంతా పాస్ట్ టెన్స్: నిలబడ్డాను, చూశాను, తీసుకున్నాను. చివరి స్టాంజా ‘ఐ షల్ బి టెల్లింగ్ దిస్ విత్ ఎ సై’ అని మొదలవుతుంది. ఫ్యూచర్! ‘ఎప్పుడో ఏళ్లూ పూళ్లూ గడిచాక, ఎక్కడో కూర్చుని, నిట్టూరుస్తూ ఈ సంగతి చెబుతూ ఉంటాను’ అని. ఏమని చెబుతాడట? తక్కువమంది నడిచిన దారి పట్టాను, ‘దట్ హాజ్ మేడ్ ఆల్ ది డిఫరెన్స్’ అని. అంటే ఆ తేడా ఇంకా జరగలేదు. జరిగినట్టు ముందు ముందు చెప్పుకుంటానని తనే ముందుగా చెబుతున్నాడు. ఇప్పుడు చూస్తే రెండు దారులూ ఒకటే. ముసలితనంలో చెప్పేటప్పటికి ఒకటి ప్రత్యేకమైన దారి అయిపోతుంది. మనుషులు తమ గతాన్ని ఎలా కథగా మలుచుకుంటారో చూపిస్తున్న పోయెమ్ ఇది. ఇంత సంగతి మనకు చెప్పింది ఎవరు? ‘షల్ బి’ అనే ఒక్క ఫ్యూచర్ టెన్స్, ‘ఈక్వలీ’ అనే ఒక్క యాడ్వర్బ్.

ఫ్రాస్ట్‌కి ఎడ్వర్డ్ థామస్ అని ఒక కవి స్నేహితుడు ఉండేవాడు. ఇద్దరూ ఇంగ్లండ్‌లో కలిసి నడకలకు వెళ్లేవారు. ఏ దారిన వెళ్లినా, అటు వెళ్లి ఉంటే ఇంకా బాగుండేదేమో అని థామస్ తర్వాత బాధపడేవాడట. అతన్ని కొంచెం ఆటపట్టించడానికే ఈ పోయెమ్ రాశానని ఫ్రాస్ట్ చెప్పాడు. ఈ కబురు పిల్లలకు తప్పకుండా చెప్పండి, కానీ వాళ్లు సొంతంగా చదవడం పూర్తయ్యాకే. ముందే చెబితే పోయెమ్ చదవడం మానేసి ఈ కబురే రాస్తారు.

‘సరైన అర్థం నాకే తేలదు’ అన్నారు. ఈ పోయెమ్‌లోనే ఆ నిట్టూర్పు ఉంది కదా, అది తృప్తితోనా, విచారంతోనా? కవి చెప్పలేదు. ఎన్నిసార్లు చదివినా అది తేలదు, తేలకుండానే కవి వదిలాడు. కాబట్టి అది మీకు తెలియని విషయం కాదు, పోయెమ్‌లో లేని విషయం. ఒక అమ్మాయి విచారం అంటుంది. ఎందుకు అని అడగండి. ‘మొదట్లోనే ‘సారీ’ అన్నాడు మేడమ్, రెండు దారుల్లోనూ వెళ్లలేకపోయానని’ అంటే, ఆ జవాబు నిలుస్తుంది. ఇంకో అబ్బాయి తృప్తి అని చెప్పి, చివరి లైనును చూపిస్తే అదీ నిలుస్తుంది. ‘నాకలా అనిపించింది’ అని మాత్రమే అంటే నిలవదు. రెండు అర్థాలు ఉండొచ్చు, ఏ అర్థమైనా ఉండొచ్చు అన్నవి ఒకటి కాదు. పోయెమ్‌లో ఏ మాట నిన్ను అలా అనుకునేలా చేసింది? ఈ ఒక్క ప్రశ్న మీ క్లాసులో అలవాటైతే చాలు. ‘కవి ఏమంటున్నాడో మీరే చెప్పండి’ అనడం తగ్గుతుంది. పరీక్షలో ప్రశ్న ఎలా తిప్పి అడిగినా ఇబ్బంది ఉండదు, ఎందుకంటే ప్రశ్న మారినా పోయెమ్‌లో మాటలు మారవు.

ఇంకో చిన్న ఉదాహరణ. ఇంగ్లిష్ కవి వర్డ్స్‌వర్త్ డాఫొడిల్ పూల పోయెమ్ (1807లో అచ్చయింది) మీ పిల్లలకు ఉండవచ్చు. అందులో ‘ఐ గేజ్డ్ అండ్ గేజ్డ్ బట్ లిటిల్ థాట్’ అనే లైను ఉంది. దాన్ని ‘చిన్న ఆలోచన’ అని రాసిన పిల్లలు నాకు ప్రతి ఏడాదీ తగిలారు. ఇక్కడ ‘థాట్’ నౌన్ కాదు, వర్బ్: ‘అనుకున్నాను.’ ఇక ‘లిటిల్’ ముందు ‘ఎ’ లేదు. ‘ఎ లిటిల్’ అంటే కొంచెం ఉన్నట్టు, ఒట్టి ‘లిటిల్’ అంటే దాదాపు లేనట్టు. అంటే, చూస్తూనే ఉన్నాను కానీ ఆ దృశ్యం నాకు ఎంత సంపద తెచ్చిపెట్టిందో అప్పుడు అనుకోనేలేదు అని. గ్రామర్ బుక్‌లో ఖాళీలు పూరించేటప్పుడు ఈ ‘ఎ’ ఉన్నా లేకపోయినా పోయేదేముంది అనిపిస్తుంది. ఇక్కడ అది లేకపోవడం మీదే అర్థం నిలబడింది. చివరి స్టాంజాలో క్రియలు ప్రెజెంట్ టెన్స్‌లోకి ఎందుకు మారాయో కూడా వాళ్లనే అడగండి. పూలు చూసింది ఒక్కసారే, గుర్తుకు రావడం మాత్రం ఇప్పటికీ జరుగుతోంది.

ఈ పోయెమ్ వెనక కూడా ఒక సంగతి ఉంది. ఆ పూలు చూసిన రోజు, 1802 ఏప్రిల్ 15న, ఆయన పక్కన చెల్లెలు డొరొతీ ఉంది. ఆమె తన డైరీలో ఆ పూల గురించి రాసింది కూడా. పోయెమ్‌లో మాత్రం ‘లోన్లీ’గా, మేఘంలా ఒంటరిగా తిరిగానంటాడు. అందుకే పోయెమ్‌లోని ‘ఐ’ని కవితో కలిపేసి రాయవద్దని పిల్లలకు చెప్పాలి. ‘కవి అన్నాడు’ బదులు ‘ఈ పోయెమ్‌లో మాట్లాడే మనిషి అన్నాడు’ అని రాయడం నేర్పండి. పెద్ద క్లాసులకు వెళ్లాక చాలా ఉపయోగపడుతుంది.

ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ (అలంకారాలు) గురించి రెండు ముక్కలు. ‘మేఘంలా’ అన్నదాన్ని చూసి ‘ఇది సిమిలీ (ఉపమ)’ అని పేరు పెట్టగానే జవాబు అయిపోయిందనుకుంటారు. పేరు చెప్పినందుకు ఒక మార్కు వస్తే రావచ్చు. ఎందుకు మేఘంతోనే పోల్చాడు, పక్షితో ఎందుకు పోల్చలేదు అని అడగండి. మేఘానికి తోడు లేదు, తొందర లేదు, అది పై నుంచి చూస్తుంది. ఇందులో రెండు చెప్పినా చాలు.

వచ్చే క్లాసుకి కొత్త పోయెమ్ వద్దు. పాతదే, ఇప్పటికే తాత్పర్యం బట్టీ పట్టినదే తీయండి. నోట్సులు మూయించండి. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ప్రతి వర్బ్ కిందా గీత పెట్టి, దానికి కర్త ఎవరో బాణం గుర్తుతో కలపమనండి. మీరు మాట్లాడకండి. మొదటి పది నిమిషాలు నిశ్శబ్దంగా, ఇబ్బందిగా ఉంటుంది, ‘అర్థం కాలేదు మేడమ్’ అంటారు. ‘ఏ మాట దగ్గర ఆగిపోయావు?’ అని మాత్రం అడగండి. వాళ్లు చూపించిన మాట మీకూ తెలియకపోతే వాళ్ల ముందే డిక్షనరీ తీయండి. ఆరుగురిలో ఎవరో ఒకరు నోట్సులో ఉన్నదానికీ పోయెమ్‌లో ఉన్నదానికీ కుదరడం లేదని లేచి చెబుతారు. ఆ రోజు మళ్లీ నాకు రాయండి, ఏ లైను దగ్గర చెప్పారో తెలుసుకోవాలని ఉంది.